ఇంటిపనుల్లో బంగారు నగలు అరగకుండా, పోకుండా కాపాడుకొనుట ఎలా?

మన సరిహద్దు పల్లెల్లో ఇంటి బంగారం పెట్టెలో ఉన్నదానికంటె ఒంటిమీద ఉన్నదే ఎక్కువ. మంగళసూత్రం, చెవికమ్మలు, ముక్కుపుడక, చేతికి రెండు గాజులు, వేలికొక ఉంగరం. ఇవి పండుగనాడు తీసి ధరించి మరునాడు దాచేసేవి కావు. తెల్లవారి కల్లాపి చల్లేటప్పుడు, జొన్నరొట్టె తట్టేటప్పుడు, కాలువ గట్టున గుడ్డలు ఉతికేటప్పుడు, చేనులో మిరపకాయలు కోసేటప్పుడు గృహిణితోపాటు అవీ పనిచేస్తూనే ఉంటాయి. విత్తనాలకు, ఎరువులకు డబ్బు చాలని ఏడాది బ్యాంకు త్రాసులోకి ఎక్కేవి కూడా అవే. అక్కడ రాళ్ళు, లక్క, మురికి మినహాయించి మిగిలిన నికర బంగారానికే లెక్క కడతారు. అప్పుడు, ఎన్నో ఏళ్ళ క్రితం కొన్ననాటి రసీదులోని బరువుకూ, నేటి బరువుకూ పొంతన కుదరక విస్తుపోయే కుటుంబాలు ఉన్నాయి. "ఆనాడు కంసాలి మోసం చేశాడు" అనే మాటే ముందుగా వినిపిస్తుంది. మోసాలు జరగవని మేము అనము. కాని చాలా సందర్భాల్లో ఆ బంగారాన్ని తిన్నది అంట్లు తోమే బూడిద, స్టీలు పీచు, గొలుసులోని ఒక కడియం మరొక కడియాన్ని ఒరుసుకొనుటయే.

ఈ అరుగుదల ఎంత ఉంటుందో లెక్క వేసి చూడండి. 2025 ఏప్రిల్ నెలలో పది గ్రాముల మేలిమి బంగారం ధర మొదటిసారి లక్ష రూపాయలను తాకింది. ఇరవై గ్రాముల 22 క్యారెట్ల గొలుసులో నూటికి ఒక వంతు అరిగితే పోయేది 200 మిల్లీగ్రాములు. కంటికి కనిపించని ఆ పొడి విలువ లక్ష రూపాయల లెక్కన పద్దెనిమిది వందల పైచిలుకు. కూలికి వెళ్ళే ఇంట్లో అది కొన్ని దినాల సంపాదన.

బంగారం బలమెక్కడ, బలహీనత ఎక్కడ?

బంగారం తుప్పు పట్టదు. గాలి, నీరు, చెమట, సబ్బు దానిని ఏమీ చేయలేవు. విజయనగర కాలపు నాణెం నేలలో వందల ఏళ్ళు పడి ఉన్నా నాగలికి తగిలిననాడు పచ్చగానే బయటపడుతుంది. కాని ఈ లోహం మహా మెత్తనిది. పదార్థాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో మేలిమి బంగారం స్థానం రెండున్నరకు, మూడుకు నడుమ ఉంటుంది. గాజు సుమారు ఐదున్నర. ఇసుకలోని స్ఫటికపు రేణువు ఏడు. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది, ఇంతే సూత్రం.

మెత్తదనం వల్లనే మేలిమి బంగారంతో నగ చేస్తే వంగిపోతుంది. అందుకని రాగి, వెండి, జింకు వంటి లోహాలు కలుపుతారు. వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం ఉంటే అది 22 క్యారెట్లు. మన ఇళ్ళల్లోని నగల్లో ఎక్కువ భాగం ఇవే. కలిపిన లోహాల వల్ల కొంత గట్టిదనం వచ్చినా, ఇసుక ముందు, బూడిద ముందు అది నిలబడదు. పైగా కలిపిన రాగికి బంగారానికున్న రోగనిరోధక శక్తి లేదు. చెమటకు, రసాయనాలకు నగ మసకబారితే, మసకబారింది బంగారం కాదు, అందులోని రాగి, వెండి.

మన జిల్లాకు ఒక ప్రత్యేకత ఉన్నది. సండూరు కొండల ఇనుప ఖనిజం హెమటైట్ జాతికి చెందినది. రసాయనికంగా అది ఐరన్ ఆక్సైడు. లారీలు నడిచే దారుల పక్కన ఇంటి చూరు మీద, వాకిట్లో, ఆరవేసిన గుడ్డల మీద పేరుకునే ఎర్రదుమ్ములో ఉండేది ప్రధానంగా అదే. నగల పనివారు బంగారానికి మెరుగు పెట్టుటకు వాడే 'రూజ్' అనే ఎర్రని పొడి కూడా ఐరన్ ఆక్సైడే! పనివాడు మెత్తగా నూరిన పొడిని గుడ్డకు అద్ది, లెక్క ప్రకారం రుద్ది నునుపు తెస్తాడు. మన ఊళ్ళలోనేమో గరుకు దుమ్ము చెమటతో కలిసి గొలుసు సందుల్లో చేరి, ఏ లెక్కా లేకుండా రేయింబవళ్ళు రుద్దుతూ ఉంటుంది. గనుల ప్రాంతపు గ్రామాల స్త్రీలు మెడలోని గొలుసును పొడి గుడ్డతో గట్టిగా తుడవరాదు. దుమ్మును ముందు నీటితో జాడించి, ఆ తరువాతనే తుడవాలి.

బోకులు తోమేటప్పుడు

నగలకు ఇంట్లో అన్నిటికంటె పెద్ద శత్రువు బోకులు తోమే చోటు. కట్టెల బూడిదలోను, ఇటుక పొడిలోను ఇసుక జాతి రేణువులు ఉంటాయి. స్టీలు పీచు సంగతి చెప్పనక్కరలేదు, అది ఉక్కు. ఉంగరం అడుగుభాగం, గాజు లోపలి అంచు రోజుకు రెండు పూటలా వీటికి రాసుకుంటాయి. ఏళ్ళ తరబడి ధరించిన ఉంగరాన్ని తిప్పి చూడండి. పైన రాయి పొదిగిన భాగం మందంగానే ఉంటుంది, అరచేతి వైపు భాగం మాత్రం తీగలా సన్నబడి ఉంటుంది. విరిగేది అక్కడే.

ఉంగరాన్ని తోముడు పనికి ముందు తీసి పెట్టడమే మంచిది. కాని తీసి ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. కిటికీ గూట్లో, పంపు గట్టుమీద, చీర కొంగు ముడిలో పెట్టి మరచిన ఉంగరాలు అరిగిన ఉంగరాలకంటె ఎక్కువ. దేవుని గూటిలో ఒక చిన్న గిన్నె, లేదా వంటింటి గోడకు మేకు మీద ఒక మూతడబ్బా, ఏదో ఒకటే స్థలం నిర్ణయించుకొని, ప్రతిసారీ అక్కడే పెట్టే అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటు కుదరనివారు తీయకుండా ఉండుటే మేలు. అరిగిన బంగారం కొంతే పోతుంది, మరచిన బంగారం మొత్తం పోతుంది.

గాజుల విషయంలో ఒక మాట. మట్టిగాజుల నడుమ బంగారు గాజులు ధరించుట మన ప్రాంతంలో ముచ్చటైన ఆచారం. కాని పైన చెప్పినట్లు గాజు బంగారంకంటె గట్టిది. చేయి కదిలినప్పుడల్లా మట్టిగాజు బంగారు గాజుపై గీతలు పెడుతుంది. ఆచారాన్ని మానుకొమ్మని చెప్పుట మా ఉద్దేశం కాదు. రోలు, రోకలి, తిరగలి పని ఉన్ననాడు, చేతిపంపు కొట్టవలసిననాడు బంగారు గాజులను తీసి మట్టిగాజులు మాత్రమే ఉంచుకుంటే చాలు. లోపల బోలుగా ఉండే గాజులకు చేతిపంపు పిడి దెబ్బ ఒక్కటి చాలు, సొట్ట పడుతుంది. లోపల లక్క నింపిన గాజులైతే పొయ్యి సెగకు కూడా జాగ్రత్త అవసరం.

జొన్నరొట్టె తట్టే చేతికి రాళ్ళ ఉంగరం వద్దు. వేడినీళ్ళతో కలిపిన పిండి రాయి కిందికి, కొక్కేల సందుల్లోకి దూరి ఎండిపోతుంది. ఎండినది గట్టిపడి, దానిని పిన్నీసుతో గీకబోతే కొక్కెం వదులవుతుంది. మూడునాలుగు నెలల తరువాత రాయి ఎక్కడో రాలిపోతుంది. ఆ పూట ఎవరి రొట్టెలోకి వెళ్ళిందో దేవునికే ఎరుక.

మంగళసూత్రం, గొలుసు

మంగళసూత్రాన్ని పనివేళ తీసి పెట్టమని సలహా చెప్పుట సులభమే గాని, మన ఇళ్ళల్లో అది జరిగే పని కాదు. కాబట్టి మెడలో ఉండగానే దానిని ఎలా కాపాడుకోవాలో చూద్దాం.

పసుపుతాడుకు కట్టిన పుస్తెలు బంగారు గొలుసుకు వేసిన పుస్తెలకంటె తక్కువగా అరుగుతాయి. తాడు నూలు, పుస్తె లోహం. తాడే ముందు అరుగుతుంది. తాడు చెమటకు నాని, కొన్ని మాసాలకు పీచు తేలుతుంది. అప్పుడే మార్చాలి. మంచిరోజు కోసం చూస్తూ తెగేదాకా ఆగిన తాడు కాలువ నీళ్ళలో తెగితే పుస్తెలు, గుండ్లు, పగడాలు అన్నీ ఒక్కసారే జారుతాయి. తాడుకు ప్రతి గుండు తరువాత ఒక ముడి వేయించుకునే పాత పద్ధతి ఇందుకే వచ్చింది. ఒకచోట తెగినా అన్నీ రాలవు.

గొలుసు విషయం వేరు. అక్కడ బంగారం బంగారాన్నే ఒరుసుకుంటుంది. పుస్తెల బరువు వేలాడే చోట, అంటే కొండి గొలుసుకు తగిలే రెండు మూడు కడియాల దగ్గర, అరుగుదల అందరికంటె ముందు కనిపిస్తుంది. పరీక్షించే విధానం సులువే. గొలుసును తెల్లని గుడ్డమీద పరచి, కడియాలను వదులుగా జరిపి, ఒకదానికొకటి తగిలే వంపు భాగాన్ని ఎండలో చూడండి. పక్క భాగంకంటె వంపు సగానికి సగం పలుచనైతే ఆ కడియాన్ని వెంటనే మార్పించాలి. మెడవెనుక ఉండే ఎస్ ఆకారపు కొక్కెం సాగి నోరు తెరుచుకున్నదేమో కూడా చూడాలి. దొంగలు లాగిన గొలుసులకంటె ఈ కొక్కెం నోరు తెరిచి జారిన గొలుసులు తక్కువేమీ కావు. ఏడాదికొకసారి, ఉగాదికి ముందో దసరాకు ముందో, ఈ పరీక్ష పెట్టుకుంటే మరచిపోరు.

పిండి మర దగ్గర, మోటారు బెల్టు దగ్గర, నూర్పిడి యంత్రం దగ్గర వేలాడే గొలుసు నగకే గాక ప్రాణానికే ముప్పు. రవికె లోపలికి వేసుకొని, పైట చుట్టి కట్టుకొని పనిచేయాలి. చంటిబిడ్డల తల్లులు బుట్టకమ్మలకు బదులు చిన్న దిద్దులు పెట్టుకొనుట మంచిది. బిడ్డ లాగితే తెగేది చెవితమ్మె. బరువైన బుట్టలు తప్పనిసరైతే మాటీలు తగిలించి బరువును జుట్టుకు పంచాలని మన పెద్దలు చేసిన ఏర్పాటు ఉన్నదే.

ఉంగరం ధరించే పురుషులకు కూడా ఒక హెచ్చరిక. ట్రాక్టరు బ్యాటరీ విప్పేటప్పుడు ఉంగరం తీసివేయాలి. బంగారం విద్యుత్తుకు మంచి వాహకం. బ్యాటరీ ధ్రువానికి, ఇనుప భాగానికి నడుమ ఉంగరం తగిలితే క్షణంలో అది కాలిపోయేంత వేడెక్కి వేలును చుట్టూ కాలుస్తుంది. పన్నెండు వోల్టులే కదా అనుకోరాదు.

అలాగే చేతికి దెబ్బ తగిలినా, కాలినా, తేలు కుట్టినా, పాము కరచినా వాపు రాకముందే ఆ చేతి ఉంగరాలను, గాజులను తీసివేయాలి. వాచిన తరువాత ఉంగరం రక్తప్రసరణను బిగించి వేలికే చేటు తెస్తుంది. రానిపక్షంలో చేయిని పైకెత్తి ఉంచి, సబ్బు నురుగు రాసి నెమ్మదిగా తిప్పుతూ లాగాలి. అప్పటికీ రాకుంటే, వేలు నీలిరంగుకు తిరుగుతుంటే కత్తిరించమని చెప్పుటకు వెనుకాడరాదు. తెగిన ఉంగరాన్ని అతికించవచ్చు.

రసాయనాలు

ఇల్లు శుభ్రం చేసే ద్రవాల్లో బంగారానికి నిజంగా హాని చేసేది క్లోరిన్. బ్లీచింగ్ పౌడరులో, తెల్లబట్టలకు వాడే బ్లీచ్ ద్రావణంలో అది ఉంటుంది. ఇది ముందుగా నగలోని రాగి, వెండి భాగాలను తిని, అతుకులను బలహీనపరుస్తుంది. 22 క్యారెట్ల నగ కొంత ఓర్చుకుంటుంది. ఇప్పుడు ప్రచారంలోకి వస్తున్న 18, 14 క్యారెట్ల నగలు, ముఖ్యంగా వజ్రాలు పట్టి ఉంచే సన్నని కొక్కేలు, పగుళ్ళు బారి విరిగే అవకాశం ఎక్కువ. పందొమ్మిదవ శతాబ్దంలో ఖనిజం నుండి బంగారాన్ని కరిగించి తీయుటకు క్లోరిన్ వాయువునే వాడిన పద్ధతి ఒకటి ఉండేది. అంతటి శక్తి దానిది. మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపరాదు. కలిపితే వెలువడే క్లోరిన్ వాయువు నగకంటె ముందు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

బళ్ళారి నగరం జీన్స్ దుస్తుల తయారీకి పేరుపడిన ఊరు. చుట్టుపక్కల పల్లెల నుండి ఎందరో స్త్రీలు ఆ పనికి వెళుతున్నారు. జీన్స్ గుడ్డకు రంగు వెలిసినట్టు చేయుటకు హైపోక్లోరైట్ బ్లీచ్‌ను, పొటాషియం పర్మాంగనేట్‌ను సాధారణంగా వాడతారు. ఉతికే విభాగాల్లో పనిచేసేవారు ఉంగరాలు, గాజులు ఇంట్లోనే వదిలి వెళ్ళాలి. చేతితొడుగులు వేసుకున్నప్పటికీ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే తొడుగు లోపలికి చేరిన ద్రావణం చర్మానికి, నగకు అంటుకొని గంటల తరబడి అక్కడే ఉంటుంది.

ఇక పాదరసం. జ్వరం చూసే పాత గాజు థర్మామీటరు పగిలి, ఆ వెండి బిందువులను పిల్లలో పెద్దలో చేత్తో ఏరబోయినప్పుడు ఉంగరం తెల్లబడిపోతుంది. అది పైపూత కాదు, బంగారం పాదరసాన్ని పీల్చుకుని మిశ్రమంగా మారుతుంది. రుద్దితే పోదు. పొయ్యిమీద కాల్చితే పోతుందని ఎవరైనా చెప్తే వినరాదు. ఆ పొగ విషం. నగను సీసాలో వేసి, మూత బిగించి, సంగతి ముందే వివరించి అనుభవజ్ఞుడైన పనివానికి అప్పగించాలి. కారణమేమీ లేకుండా ఉంగరం తెల్లబడుతుంటే, ముఖానికి రాస్తున్న తెల్లబరిచే లేపనాన్ని అనుమానించాలి. అటువంటి కొన్ని చవక లేపనాల్లో పాదరసం కలుపుతారు. అప్పుడు నగ చేసిన మేలు చాలా పెద్దది, ఒంట్లోకి విషం వెళుతున్నదని ముందుగా చెప్పినది అదే.

బంగారం మెడమీద నల్లని చార వేస్తే ఒంట్లో రోగమున్నదని కొందరు భయపడతారు. ముఖానికి రాసే పౌడరులోని సన్నని రేణువులు నగను ఒరిసి, రాలిన సూక్ష్మమైన లోహపు పొడి నల్లగా కనిపించుట దీనికి ఒక కారణం. చెమట, రాగి కలిసి చేసేది మరొకటి. పౌడరు, అత్తరు పూసుకున్న తరువాతనే నగ వేసుకుంటే చార తగ్గుతుంది.

రాళ్ళు, ముత్యాలు, పగడాలు

"చింతపండుతో తోమితే ఇత్తడి మెరిసినట్టు బంగారమూ మెరుస్తుంది" అనే నమ్మకం ఉన్నది. ఉత్త బంగారానికి చింతపండు వల్ల పెద్ద నష్టం లేదు. కాని ముత్యం, పగడం రెండూ సున్నపు జాతి పదార్థాలు. పులుపు తగిలితే కరుగుతాయి. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ తగిలిన ముత్యం మెరుపు ఒక్కపూటలో పోతుంది, మళ్ళీ రాదు. పుస్తెల నడుమ పగడాలు గుచ్చుకునే మన ఆచారం దృష్ట్యా ఈ విషయం ప్రతి ఇంటికీ తెలియాలి.

కెంపులు, పచ్చలు వెనుక మూసి పొదిగిన పాతకాలపు నగల్లో రాయి కింద మెరుపు కోసం రేకు, పట్టు కోసం లక్క ఉంటాయి. వేడినీళ్ళలో ముంచితే లక్క మెత్తబడి రాయి కదులుతుంది. చల్లనీళ్ళు లోపలికి దిగినా రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. అమ్మమ్మ కాలపు అటువంటి హారాన్ని నీటిలో ముంచనే రాదు. తడి పిండిన మెత్తని గుడ్డతో పైపైన తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్ది, నీడన ఆరబెట్టాలి.

రాళ్ళు లేని నగలకు ఇంట్లో చేసుకోదగ్గ శుద్ధి ఒక్కటే, మన కుంకుడుకాయ. నాలుగైదు కాయలు కొట్టి గింజ తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నురుగు వచ్చేలా పిసికి, గుడ్డలో వడగట్టాలి. వడగట్టకుంటే పెంకు ముక్కలు గీతలు పెడతాయి. ఆ నీటిలో నగలను పావుగంట ఉంచి, పిల్లల పళ్ళ బ్రష్ వంటి మెత్తని కుంచెతో సందుల్లోని పసుపు, కుంకుమ, నూనె జిడ్డు తీయాలి. మన బోరునీళ్ళలో సున్నం ఎక్కువ కనుక సబ్బు వాడితే తెల్లని పొర పేరుకుంటుంది. కుంకుడుకు ఆ బాధ తక్కువ. చివరి జాడింపుకు కాచి చల్లార్చిన నీరో, వాననీరో ఉంటే మరీ మంచిది. ఈ పని అంతా వెడల్పాటి పళ్ళెంలో చేయాలి, కుళాయి కింద తూము పక్కన కాదు. పళ్ళెంలోని నీటిని గుడ్డలో వడగట్టిన తరువాతే పారబోయాలి, ఊడిన రాయి ఉంటే గుడ్డలో దొరుకుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా, ముగ్గుపిండి నగల జోలికి తేరాదు. మెరుపు వచ్చినట్టు కనిపించేది పైపొర గీసుకుపోవుట వల్లనే.

వన్ గ్రామ్ గోల్డ్ పేరుతో అమ్మే నగలకు ఈ పద్ధతి కూడా ఎక్కువే. అందులో బంగారం పైపూత మాత్రమే, నాలుగుసార్లు రుద్దితే రాగి బయటపడుతుంది. పనివేళ ధరించుటకు అవి పనికివస్తాయి. అంతకుమించి ఆశించరాదు.

మెరుగు పెట్టేవారి మాయ

అన్నిటికంటె పెద్ద నష్టం గురించి ఇప్పుడు చెప్పాలి. మధ్యాహ్నం పూట, మగవారు పొలాల్లో ఉన్న సమయంలో, ఇద్దరు యువకులు సంచితో వీధిలోకి వస్తారు. "అమ్మా, కొత్త కంపెనీ పౌడరు, ఉచితంగా చూపిస్తాం" అంటారు. ముందు ఇత్తడి చెంబు తోమి తళతళలాడిస్తారు. తరువాత వెండి పట్టీలు. నమ్మకం కుదిరాక బంగారు గొలుసు అడుగుతారు. ఒక గిన్నెలో పసుపు కలిపిన ద్రావణం పోసి, గొలుసు ముంచి, కొంతసేపటికి తీసి, డబ్బాలో పసుపునీళ్ళతో పెట్టి మూత వేసి, "అరగంట దాకా తెరవవద్దమ్మా, రంగు పోతుంది" అని చెప్పి వెళ్ళిపోతారు. తెరిచి చూస్తే గొలుసు ఉంటుంది. నిజంగానే మెరుస్తూ ఉంటుంది. కాని సన్నబడి ఉంటుంది. కొన్నిసార్లు గొలుసే ఉండదు, మట్టి ఉంటుంది.

ఇందులో మంత్రమేమీ లేదు. నత్రికామ్లం ఒక్కటే బంగారాన్ని కరిగించలేదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్కటీ కరిగించలేదు. ఒక పాలు నత్రికామ్లానికి మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే తయారయ్యే ఆక్వా రీజియా, మన పాఠ్యపుస్తకాల్లోని ద్రవరాజం, బంగారాన్ని ఉప్పులా కరిగిస్తుంది. కరిగిన బంగారం వారి గిన్నెలోని ద్రవంలో కంటికి కనిపించకుండా ఉంటుంది. ఆ ద్రవం పచ్చగా కనిపించినా అనుమానం రాకుండా ఉండుటకే పసుపు. తరువాత వారు తీరికగా అన్నభేది వంటి పదార్థం వేసి బంగారాన్ని మళ్ళీ పొడిగా దింపుకుంటారు. గొలుసు మెరిసినది ఎందుకంటే, మాసిన పైపొరంతా వారి గిన్నెలోకి వెళ్ళిపోయింది గనుక!

కనుక వీధిలోకి వచ్చి మెరుగు పెడతామన్నవారికి, వారు ఎంత మర్యాదగా మాట్లాడినా, ఏ గుర్తింపు కార్డు చూపినా, నగ ఇవ్వరాదు. ఇంట్లో ఒంటరిగా ఉన్న అత్తలకు, అవ్వలకు ఈ సంగతి విడమరచి చెప్పి ఉంచాలి, ఎందుకంటే వారు ఎంచుకునేది వారినే. తెలిసిన దుకాణంలో మెరుగు పెట్టించినా కొంత బంగారం పోవుట సహజమే. కాబట్టి మన కళ్ళెదుట ముందొకసారి, తరువాతొకసారి తూకం వేయించుకోవాలి. అడుగుటకు మొహమాటపడనక్కరలేదు, నిజాయితీగల కంసాలి తానే తూచి చూపిస్తాడు. ఏటేటా మెరుగు పెట్టించే అలవాటు మాత్రం మంచిది కాదు.

మోసం జరిగితే ఫోను 112కు చేయవచ్చు, మన రెండు రాష్ట్రాల్లోనూ అదే సంఖ్య. సరిహద్దు గ్రామాల వారికి ఇంకొక చిక్కు ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిననాటి నుండి చేను ఒక రాష్ట్రంలో, ఇల్లు ఒక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఎన్నో. "ఇది మా స్టేషను పరిధి కాదు" అనే జవాబు విని తిరిగివచ్చిన సందర్భాలూ ఉంటాయి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దానిని నమోదు చేసుకొని తగిన స్టేషనుకు పంపుట వారి బాధ్యత.

అతుకులు, ముద్రలు, రసీదులు

నగ విరిగేది ఎక్కువగా అతుకు దగ్గర. పూర్వం అతుకుకు వాడే పొడిలో బంగారం పాలు తక్కువ. కరిగిస్తే మొత్తం నగ మచ్చు తగ్గేది. తరువాత కాడ్మియం కలిపిన అతుకు వచ్చింది, దానినే కేడీఎం అన్నారు. కాడ్మియం తక్కువ వేడికే ఆవిరైపోతుంది కనుక అతుకు దగ్గర మచ్చు పడిపోదు. కాని ఆ ఆవిరి పీల్చిన పనివారి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చెడతాయి. "కేడీఎం నగ" అన్నమాట స్వచ్ఛతకు ప్రభుత్వ ముద్ర కాదని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అసలు ముద్ర బీఐఎస్ హాల్‌మార్క్. 2000 సంవత్సరంలో మొదలైన ఈ పద్ధతిని 2021 జూన్ 16 నుండి దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ పరిధిలోని దుకాణాల్లో ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ సంఖ్య లేని నగ అమ్మరాదు. బీఐఎస్ గుర్తు, 22కె916 వంటి స్వచ్ఛత సంఖ్య, హెచ్‌యూఐడీ, ఈ మూడూ చూసుకోవాలి. బీఐఎస్ కేర్ అనే ఫోను యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూస్తే నగ వివరాలు కనిపిస్తాయి. బళ్ళారిలో కొన్నా, గుంతకల్లులో కొన్నా, ప్రొద్దుటూరు దాకా వెళ్ళి కొన్నా నియమం ఒక్కటే. ముద్రించిన దానికంటె స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గిన విలువకు రెట్టింపు పరిహారం, పరీక్ష రుసుము దుకాణదారు చెల్లించాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనలు చెపుతున్నాయి. దానికి రసీదు కావాలి. రసీదులో నికర బరువు, రాళ్ళ బరువు, తయారీ కూలి విడివిడిగా రాయించుకోండి. కన్నడంలో ఉన్నా తెలుగులో ఉన్నా ఫరవాలేదు, దానిని ఫోనులో ఫొటో తీసి ఉంచండి, ఎందుకంటే ఆ సన్నకాగితం మీది అక్షరాలు కొన్నేళ్ళకు మాసిపోతాయి. ముద్ర లేని పాత నగలు చెల్లవేమోనన్న భయం వద్దు. ఇంట్లోని పాత నగలను అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు.

పోయిన నగ వెదకుట

సబ్బు చేతులకు ఉంగరం జారుతుంది. చలికాలంలో వేళ్ళు సన్నబడతాయి కనుక మరీ జారుతుంది. పుష్యమాసంలో కాలువకు గుడ్డలకు వెళ్ళేవారు ఉంగరానికి అడుగున దారం చుట్టి బిగువు చేసుకొనుట పాత ఉపాయమే, ఇప్పటికీ పనిచేస్తుంది.

సింకులో పడితే వెంటనే కుళాయి కట్టేయాలి. కింద వంపు తిరిగిన గొట్టంలోనే అది సాధారణంగా ఆగి ఉంటుంది. బకెట్ పెట్టి ఆ వంపు విప్పితే దొరుకుతుంది. గంప పేడలోనో, కళ్ళంలోనో, ఇంటి చెత్తలోనో పోతే కంగారుపడి కాళ్ళతో తొక్కుతూ వెదకరాదు. మేలిమి బంగారం నీటికంటె పందొమ్మిది రెట్లు బరువైనది, 22 క్యారెట్ల నగ కూడా మట్టికంటె, రాతికంటె ఎన్నో రెట్లు బరువే. ఆ చోటి మట్టిని, చెత్తను మొత్తం గోనెసంచికి ఎత్తుకోవాలి. పొడిదైతే కొద్దికొద్దిగా చాటలో వేసి చెరగాలి. తడిదైతే వెడల్పు బేసినులో నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పుతూ పైనున్నది వంపేయాలి. తేలికదంతా పోయి, ఉంగరం అడుగున నిలుస్తుంది. కంసాలి వీధుల మట్టిని కొనుక్కొని కడిగి బంగారు రజను ఏరుకుని బతికిన వారు చేసినది ఇదే పని. తొందరపడి మొదటి నీళ్ళు తూములోకి వంపకుండా, మరొక పాత్రలోకి వంపుకొని, అది కూడా ఒకసారి కడిగి చూసిన తరువాతే పారబోయండి.